తులూజ్ నుంచి సముద్రం దాకా కాలువ గట్టు మీద

ఫ్రాన్స్‌లో మే నెల అంటే సెలవుల నెల. 2017లో 25వ తేదీ గురువారం ఆరోహణ పండుగ పడింది. గురువారం సెలవొస్తే శుక్రవారం కూడా ఎగ్గొట్టి ఆదివారం దాకా లాగెయ్యడం ఇక్కడి ఆనవాయితీ. దాన్ని 'వంతెన కట్టడం' అంటారు. మేం బుధవారం నుంచే కట్టేశాం.

మొత్తం నలుగురం. తులూజ్‌లో విమానాల తయారీ మీద బతికే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళలో మేమూ ఉన్నాం. పేర్లు రాయొద్దని ముగ్గురూ ఒట్టు పెట్టించుకున్నారు కాబట్టి ఊళ్ళ పేర్లతోనే పిలుస్తాను. కరీంనగర్ మాలో పెద్ద, అందరికీ అన్న. బెజవాడ నా క్లాస్‌మేట్. అనంతపురం అతని భార్య, నాకు చెల్లెలి లెక్క. సైకిల్ తొక్కడం నిజంగా వచ్చింది ఆమెకొక్కదానికే. నాది గోదావరి కాలువ గట్టు మీద ఊరు.

మేం ఎంచుకున్న దారి కనాల్ దు మిది. తులూజ్ దగ్గర మొదలై మధ్యధరా ఒడ్డున ఒక ఉప్పుకయ్యలో కలిసే 240 కిలోమీటర్ల పాత కాలువ. దాని గట్టే మా రోడ్డు. "కాలువ గట్టుకి ఎత్తుపల్లాలేముంటాయిరా, కళ్ళు మూసుకుని తొక్కెయ్యొచ్చు" అన్నాడు బెజవాడ. గట్టు గురించి అతను చెప్పింది దాదాపు నిజమే. గాలి సంగతి మాత్రం మర్చిపోయాడు.

బుధవారం: తులూజ్ నుంచి కస్తెల్నోదరీ, 65 కి.మీ.

ఎనిమిదింటికి బయల్దేరాం. ఊరు దాటేదాకా ఆఫీసులకు పోయేవాళ్ళ సైకిళ్ళ మధ్యలో మా సంచుల సైకిళ్ళు లారీల్లా ఉన్నాయి. రామన్‌విల్ దగ్గర పడవల్లోనే కాపురాలు. పడవ పైకప్పు మీద పూలకుండీలు, గట్టు మీద పోస్టు డబ్బా, దానికో నంబరు. ఆ తర్వాత ఊరు ఆగిపోయి చెట్లు మొదలయ్యాయి.

వీటిని ప్లేన్ చెట్లంటారు. కశ్మీర్ చినార్‌కి దగ్గరి చుట్టం. బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి, సున్నం రాలిన పాత గోడలా తెలుపూ పచ్చా మచ్చలతో ఉంటుంది. రెండు గట్ల మీదా వరసగా నాటితే పైన కొమ్మలు కలిసిపోయి, కింద నీళ్ళు ఆకుపచ్చగా కనిపిస్తాయి. కాలువ 17వ శతాబ్దందే అయినా ఈ చెట్లలో ఎక్కువ భాగం 19వ శతాబ్దంలో నాటినవి. వేళ్ళు గట్టును పట్టి ఉంచుతాయి, నీడ నీళ్ళు ఆవిరి కాకుండా చూస్తుంది. ఆ నీడలో తారు బాట మీద తొక్కుతుంటే ఎండ తెలియలేదు.

కస్తానె దగ్గర మొదటి లాకులొచ్చాయి. వీటికి ఫ్రెంచిలో ఏదో పేరుంది గానీ నా నోటికి 'లాకులు' తప్ప ఇంకోటి రాదు. మా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక లాకుంది. చిన్నప్పుడు దాని తలుపుల సందుల్లోంచి చిమ్మే నీళ్ళ కింద తల పెట్టి తన్నులు తిన్నవాణ్ణి. ఇక్కడ సైకిల్ ఆపి, పడవ లోపలికి రావడం, వెనక తలుపులు మూసుకోవడం, నీళ్ళు ఎక్కడం, పడవ అంగుళం అంగుళం పైకి లేవడం చివరిదాకా చూశాను. "నీకు దినాం గిదే పనా?" అని అన్న కసిరేదాకా కదల్లేదు.

లాకు గోడలు తిన్నగా ఉండవు, మధ్యలో పొట్ట ఉబ్బినట్టు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. మొదట్లో తిన్నగా కట్టిన గోడ ఒకటి మట్టి తోపుకి కూలిపోతే, ఆ తర్వాత ఇలా వంపు తిప్పి కట్టారట. మనవాళ్ళు బావిని గుండ్రంగా ఎందుకు తవ్వుతారో ఇదీ అందుకే. పక్కన లాకుల మనిషి ఇల్లు. గోడ మీద ఒక పలక, దాని మీద ఎగువ లాకు ఎన్ని మీటర్లు, దిగువ లాకు ఎన్ని మీటర్లు అని రాసి ఉంటుంది. అయిదు రోజులూ ఆ పలకలే మా మైలురాళ్ళు.

కాలువ కట్టించినాయన పియేర్-పోల్ రికే. ఇంజినీరు కాదు, ఉప్పు పన్ను వసూలు చేసే గుత్తేదారు. అట్లాంటిక్‌నీ మధ్యధరానీ కాలువతో కలపాలన్న ఆలోచన అప్పటికే పాతది. చిక్కంతా మధ్యలో ఉన్న మిట్ట. 189 మీటర్ల ఎత్తున్న నోరూజ్ అనే చోటికి నీళ్ళెక్కడి నుంచి తేవాలి? ఉత్తరాన ఉన్న నల్లకొండ వాగుల్ని పిల్లకాలువల్లోకి మళ్ళించి నోరూజ్‌కి తెద్దామన్నాడు రికే. అక్కణ్ణుంచి నీళ్ళు రెండు వైపులా వాటంతట అవే దిగుతాయి. 1666లో పద్నాలుగో లూయీ ఒప్పుకున్నాడు. ఒక దశలో పన్నెండు వేల మంది దాకా పని చేశారు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. సొంత డబ్బు పోసి, అప్పులు చేసి, పని పూర్తి కావడానికి కొన్ని నెలల ముందు 1680లో రికే పోయాడు. 1681లో కాలువ తెరిచారు. మన ధవళేశ్వరం ఆనకట్టకి నూటడెబ్భై ఏళ్ళ ముందు మాట.

మధ్యాహ్నం మూడింటికి నోరూజ్ చేరాం. తులూజ్ నుంచి అక్కడికి యాభై కిలోమీటర్ల పైచిలుకులో ఎక్కింది 57 మీటర్లే, కాళ్ళకి తెలియనే లేదు. పిల్లకాలువ వచ్చి కలిసే చోట అనంతపురం రెండు ఆకులు నీళ్ళలో వేసి, ఏది ఏ సముద్రానికి పోతుందో చూద్దామంది. రెండూ గట్టుకి తగిలి ఆగిపోయాయి.

అక్కడితో తారు బాట అయిపోయింది. ఇక ముందంతా మట్టి, గులకరాళ్ళు, చెట్ల వేళ్ళు.

రాత్రి కస్తెల్నోదరీలో కాసూలే తిన్నాం. ఈ ఊరు దానికే ప్రసిద్ధి. తెల్ల చిక్కుడు గింజలు, బాతు, పంది మాంసం కలిపి మట్టి మూకుడులో గంటల తరబడి పొయ్యిలో పెడతారు. పైన కట్టిన మీగడలాంటి పొరని ఏడుసార్లు పగలగొట్టాలని శాస్త్రం. అన్న ఒక మూకుడు ఖాళీ చేసి, బెజవాడ మిగిల్చింది కూడా లాగించాడు. అనంతపురం శాకాహారి. ఫ్రాన్స్ పల్లెల్లో శాకాహారికి ఒకటే గతి, వేడి మేకజున్ను పెట్టిన ఆకుల సలాడ్. అది తినేసి సంచిలోంచి ఒక డబ్బా తీసింది. తను శెనక్కాయల పొడి అంటుంది, అన్న పల్లీల పొడి అంటాడు, నేను వేరుశెనగ పొడి అంటాను. రొట్టెకి వెన్న రాసి ఆ పొడి చల్లి మా చేతుల్లో పెట్టింది. సర్వరు వాసన చూసి ఏంటని అడిగాడు. అతనికీ ఒక ముక్క ఇచ్చింది.

గురువారం: కస్తెల్నోదరీ నుంచి కర్కాసోన్, 40 కి.మీ.

నలభై కిలోమీటర్లు కదా, పదింటికి లేద్దామనుకున్నాం. కిటికీ తలుపు దానంతటదే కొట్టుకుంటుంటే ఏడింటికే మెలకువ వచ్చింది. ఒతాన్ గాలి. మధ్యధరా వైపు నుంచి ఈ లోయలోకి దూసుకొచ్చే ఆగ్నేయపు గాలి. మేం పోయేది సరిగ్గా దానికి ఎదురు. మూడు రోజులో, ఆరు రోజులో, తొమ్మిది రోజులో వీస్తుందని ఇక్కడివాళ్ళు అంటారు. మనిషికి పిచ్చెక్కిస్తుందని కూడా అంటారు. రెండోదానికి నేను సాక్షిని.

ఒకరి వెనక ఒకరం దాక్కుని తొక్కాం. ముందున్నవాళ్ళు గాలి మొత్తం మింగాలి, అయిదు నిమిషాలకోసారి వంతు మారాలి. నా వంతు అయిదు నిమిషాలు, బెజవాడ వంతు మూడు, అన్న వంతు రాకముందే టీ బ్రేక్ వచ్చేది. అనంతపురం మాత్రం ఇరవై నిమిషాలు లాగేది. "వెనక ఎవరైనా ఉండారా?" అని తల తిప్పకుండా అరిచేది. గంటకి తొమ్మిది కిలోమీటర్లు. దిగి నడిచినా అందులో సగం వచ్చేదేమో.

అసలు కష్టం తిండి. పండగ రోజు, పైగా పల్లెటూళ్ళు. బ్రామ్ చేరేసరికి పన్నెండున్నర. పొద్దున తెరిచిన రొట్టెల షాపు అప్పుడే మూసేశారు. మామూలు రోజుల్లో కూడా పన్నెండు నుంచి రెండింటి దాకా పల్లెల్లో ఏదీ దొరకదు. ఆ రెండు గంటలూ ఊరంతా భోజనం చేస్తుంది, దేశం కొట్టుకుపోయినా సరే. తులూజ్‌లో ఉండి ఆ సంగతి మర్చిపోయాం. శెనక్కాయల పొడి నేరుగా స్పూనుతో తిన్నాం.

కర్కాసోన్ గురించి అందరూ రాశారు, నేను తొందరగా దాటేస్తాను. రెండు వరసల కోటగోడలు, యాభైకి పైగా బురుజులు, రాత్రి దీపాల్లో చాలా బావుంటుంది. లోపల ప్లాస్టిక్ కత్తులమ్మే షాపులు. కోట పాతదే గానీ, ఇప్పుడు కనపడేదాంట్లో చాలా భాగం 19వ శతాబ్దపు మరమ్మతు. నాకు నచ్చిన ముచ్చట వేరే ఉంది. రికే కాలంలో ఈ ఊరి పెద్దలు కాలువకి డబ్బివ్వం అన్నారట. అయితే కాలువ మీ ఊరి పక్కగా రాదు అని రెండు కిలోమీటర్ల అవతల నుంచి తీసుకుపోయారు. తప్పు తెలుసుకుని మళ్ళీ కాలువని ఊళ్ళోకి తిప్పుకునేసరికి 1810 వచ్చింది.

శుక్రవారం: కర్కాసోన్ నుంచి లె సోమాయ్, 61 కి.మీ.

గాలి పడిపోయింది. పిచ్చి గాలికి మూడు రోజుల శాస్త్రం కూడా లేదన్నమాట. దాని బదులు ఎండ పట్టుకుంది.

ట్రెబ్ దగ్గర్లో ఒక మలుపు తిరిగాక కళ్ళు బైర్లు కమ్మాయి. చెట్లు లేవు. అప్పటిదాకా గుహలాంటి నీడలో వచ్చి ఒక్కసారిగా ఆరుబయట పడ్డాం. గట్టు పొడుగునా మొదళ్ళు, బండి చక్రాలంత వెడల్పు. మధ్యమధ్యలో కర్రకి కట్టిన చిన్న మొక్కలు, మనిషి ఎత్తున. "గిట్ల కొట్టేసిన్రేంది?" అన్నాడు అన్న.

తెగులు. చెట్టు లోపల నీళ్ళు పోయే దారుల్ని మూసేసే ఒక శిలీంధ్రం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నుంచి వచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో పాటు యూరప్‌లో దిగిందంటారు. ఈ కాలువ మీద 2006లో బయటపడింది. మందు లేదు. పక్క పక్క చెట్ల వేళ్ళు కలుస్తాయి కాబట్టి ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. నీళ్ళలో పోతుంది, పడవలు కొమ్మల్నీ వేళ్ళనీ రాసుకుంటూ పోతే వాటితో పాటు పోతుంది. కాలువ మీదున్న 42,000 ప్లేన్ చెట్లలో అప్పటికే వేల చెట్లు కొట్టేశారు. జబ్బు చెట్టుని దూరం మోసుకుపోతే దారిపొడవునా అంటుకుంటుంది, అందుకని అక్కడికక్కడే కాల్చేస్తారు. కొత్తగా నాటేది ఒకే జాతి కాకుండా రకరకాల చెట్లు, మళ్ళీ ఒకే తెగులుకి అన్నీ పోకుండా.

నేనొక మొద్దు మీద కూర్చున్నాను. వలయాలు లెక్కపెడదామని మొదలుపెట్టి నలభై దాటాక తప్పిపోయాను. అంచు దగ్గర నల్లటి చీలికల్లా మరకలు, చెట్టు మధ్యకి గురిపెట్టినట్టు. కర్రకి కట్టిన మొక్క నీడ పక్కనే పడింది. నా బూటంత కూడా లేదు.

ఆ నీడ లేని దారిలో పదకొండింటికే సీసాలన్నీ ఖాళీ. ఫ్రాన్స్‌లో సైకిల్ తిరిగేవాళ్ళందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. ఎంత చిన్న ఊరైనా శ్మశానం ఉంటుంది, శ్మశానంలో సమాధుల మీది పూలకి నీళ్ళు పోసే కుళాయి ఉంటుంది. తాగకూడని నీళ్ళయితే అక్కడ బోర్డు పెడతారు. ఒక ఊళ్ళో ఇనప గేటు తోసుకుని లోపలికి పోతుంటే అన్న బయటే ఆగిపోయాడు.

"తమ్మీ, శ్మశానంల నల్లా నీళ్ళా? నాకద్దు."

"కుళాయి ఊరిదే అన్నా, ఊరంతా తాగే నీళ్ళే."

"ఊరోళ్ళు ఈడికచ్చి తాగుతలేరు కద."

అనంతపురం కుళాయి కింద తల పెట్టేసింది. తడి జుట్టుతో బయటికొచ్చి, "ఏం కాదులేన్నా, దయ్యాలుంటే ఫ్రెంచి దయ్యాలు, మన మాట అర్థం కాదు" అంది. రెండు కిలోమీటర్లు పోయాక అన్న నా సీసా అడుక్కుని సగం తాగేశాడు. ఎక్కడి నీళ్ళని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఓంప్స్ దాటాక టంగుమని చప్పుడు. అన్న వెనక చక్రంలో పుల్ల విరిగింది. వేళ్ళ మీద రెండు రోజులుగా ఎగురుతుంటే, దాని మీద పదిహేను కిలోల సంచులు. అద్దె సైకిల్ అది, ఇచ్చినవాళ్ళు మరమ్మతు సామాను అంటూ ఇచ్చిన డబ్బాలో పంచర్ బిళ్ళలు తప్ప ఏం లేవు. ఫోన్ చేస్తే వంతెన కట్టేసుకున్నారు, సోమవారం చెయ్యమని రికార్డు.

చక్రం అష్టవంకర్లు తిరుగుతూ బ్రేకుకి రాసుకుంటోంది. విరిగిన పుల్లని పక్క పుల్లకి చుట్టి టేపు వేశాం. వెనక బ్రేకు పూర్తిగా విప్పేశాం. అన్న సంచులు రెండూ నా సైకిల్ మీదికీ బెజవాడ సైకిల్ మీదికీ వచ్చాయి. ముందు బ్రేకుతో, పెళ్ళికొడుకు నడకలో, పదిహేను కిలోమీటర్లు. అన్న మాత్రం బరువు లేక హాయిగా పాటలు పాడుకుంటూ వచ్చాడు.

లె సోమాయ్ చిన్న రేవు. గాడిద వీపులా మధ్యలో లేచిన రాతి వంతెన, దాని పక్కనే చిన్న గుడి, గుర్రాలు లాగే పడవల కాలంలో ప్రయాణికులు రాత్రి దిగిన సత్రం. ఒక పాత పుస్తకాల షాపు కూడా ఉంది, లోపల అరలన్నీ కప్పు దాకా పుస్తకాలే. ఒకప్పుడు గుర్రాలు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగుతుంటే తులూజ్ నుంచి సముద్రం వైపు దిగడానికి నాలుగు రోజులు పట్టేదట. మాకు అయిదు. గదులు అద్దెకిచ్చిన పెద్దావిడ ఆ లెక్క విని, "గుర్రాలకి దాణా సమయానికి దొరికేది" అంది.

శనివారం: లె సోమాయ్ నుంచి బెజియే, 42 కి.మీ.

కాలువ మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇది. అర్జాన్ లాకు నుంచి బెజియే దాకా 54 కిలోమీటర్లు ఒక్క లాకు కూడా లేదు. ఒకే ఎత్తు పట్టుకుని పోవాలి కాబట్టి కాలువ కొండల చుట్టూ తిరుగుతుంది. ఎదురుగా అరకిలోమీటరులో కనిపిస్తున్న చర్చి గోపురానికి మూడు కిలోమీటర్లు తిరిగి వెళ్ళాలి. చుట్టూ ద్రాక్షతోటలు.

కపెస్తాంగ్ దగ్గర వంతెన బాగా కిందికి ఉంటుంది. ఇక్కడ అద్దె పడవ నడపడానికి లైసెన్స్ అక్కర్లేదు, అరగంట పాఠం చెప్పి తాళం చేతికిస్తారు. వంతెన కింద దూరుతున్న పడవ మీద ఒక కుటుంబం మొత్తం బోర్లా పడుకుంది, నడిపే పెద్దమనిషి తల మాత్రం పైన. చివరి క్షణంలో గొడుగు మడిచాడు, ఒక కుర్చీ పోయింది. గట్టు మీద బెంచీలో కూర్చున్న ముసలాళ్ళు చూసి నవ్వుకున్నారు. రోజూ అక్కడే కూర్చుంటారనిపించింది.

మల్పాస్ దగ్గర కాలువ ఎన్‌సెరూన్ గుట్టలోంచి సొరంగంలో పోతుంది. యూరప్‌లో పడవలు పోయే మొదటి సొరంగం ఇదేనంటారు, రికే ఆఖరి రోజుల్లో తవ్వించింది. పొడుగు 165 మీటర్లే గానీ గుట్ట అంతా ఇసకరాయి, పెచ్చులూడుతుంది. అదే గుట్టలో కాలువ కింద రైలు సొరంగం, ఇంకా కింద 13వ శతాబ్దపు నీటి తూము. ఆ తూము దేనికో తెలియాలంటే గుట్ట ఎక్కాలి. సైకిళ్ళు కింద పడేసి ఎక్కాం.

కింద మొంతాదీ. ఒకప్పుడు పెద్ద మడుగు. 1247లో తూము తవ్వి నీళ్ళు బయటికి తోడేశారు. మడుగు గుండ్రంగా ఉండేది కాబట్టి, నడిబొడ్డు నుంచి చుట్టూ గీతల్లా బోదెలు తీశారు. ఆ బోదెల మధ్య పొలాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ముక్కలు కోసిన పుచ్చకాయలా. నీళ్ళన్నీ మధ్యకి చేరి, తూములోంచి గుట్ట కిందగా బయటికి పోతాయి. మా తాతకి చూపిస్తే బోదెల వాలు ఎంతుంటుందని అడిగేవాడు. నాకూ ముందు అదే అనుమానం వచ్చింది.

బెజియే ముందు ఫోంసెరాన్. లాకుల మెట్లు. ఒకదాని కింద ఒకటిగా ఎనిమిది కోడిగుడ్డు తొట్లు, 21 మీటర్ల పైచిలుకు దిగుడు. ఆర్బ్ నదిని దాటడానికి 1858లో పైనుంచి కాలువ వంతెన కట్టాక ఇప్పుడు ఆరు తొట్లే వాడుతున్నారు. పక్కనే, మెట్లకి బదులు పడవని నీళ్ళతో సహా పైకి నెట్టే ఒక పెద్ద యంత్రం ఉంది, 1980లలో కట్టింది. ఎక్కువ కాలం పనిచెయ్యలేదు, ఇప్పుడు తుప్పు పడుతోంది. పాత లాకులు ఇంకా నడుస్తున్నాయి. ఇంజినీర్లం నలుగురం దాని ముందు కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాం.

బెజియేలో సైకిల్ షాపు సాయంత్రం దాకా తెరిచే ఉంది. లోపలికి వెళ్ళి విరిగిన పుల్ల చూపించబోయాను. షాపతను నా మొహంలోకే చూస్తూ ఆగాడు. తప్పు నాదే, 'బోంజూర్' అనలేదు. అన్నాక పని మొదలైంది. కొత్త పుల్ల వేసి, చక్రాన్ని స్టాండు మీద తిప్పుతూ ఒక్కో పుల్లనీ వేలితో మీటి, బిగువు తక్కువైన చోట చిన్న తాళంతో పావు తిప్పు తిప్పాడు. మా ఊళ్ళో దీన్ని బెండు తియ్యడం అంటారు. అరగంటలో చక్రం గీత గీసినట్టు తిరిగింది. విరిగిన పుల్ల తనకిచ్చెయ్యమని అన్న అడిగి తీసుకున్నాడు.

ఆదివారం: బెజియే నుంచి సేత్, 50 కి.మీ.

అగ్ద్‌లో గుండ్రటి లాకు, మూడు తలుపులది. పడవ లోపల గిరికీ కొట్టి కాలువలోకైనా పోవచ్చు, నదిలోకైనా పోవచ్చు. ఊరంతా అగ్నిపర్వతపు నల్లరాయి. అక్కణ్ణుంచి తొమ్మిది కిలోమీటర్లకి కాలువ అయిపోయింది. చిన్న దీపస్తంభం, ఎదురుగా తౌ ఉప్పుకయ్య, నీళ్ళలో ఆల్చిప్పలు పెంచే చెక్కల వరసలు.

కయ్యకీ సముద్రానికీ మధ్య సన్నటి ఇసక దిబ్బ మీద సేత్ దాకా బాట. ఒక్క చెట్టు లేదు. సేత్ ఊరు కూడా ఈ కాలువ కోసం పుట్టిందే, 1666లో రేవు పని మొదలుపెట్టారు. అక్కడి ప్రత్యేకత ఆక్టోపస్ కూరిన గుండ్రటి కజ్జికాయ లాంటిది, తియ్యెల్ అంటారు. కారంగా ఉంటుందని చెప్పారు. లేదు.

సముద్రంలో దిగి వచ్చాక అమ్మకి వీడియో కాల్ చేశాను.

"ఏ ఊరు తిరిగొచ్చార్రా?"

"ఊరు కాదమ్మా, కాలువ గట్టు. అయిదు రోజులు."

"కాలువ గట్టా? దానికి ఫ్రాన్స్ ఎందుకు? లాకుల దాకా నువ్వు రోజూ తొక్కేవాడివిగా."

చెట్ల సంగతి చెప్పాను. కాసేపాగి, "మన లాకుల కాడ నిద్రగన్నేరు చెట్లకి ఎర్రరంగు గుర్తులేశారు. రోడ్డు వెడల్పు చేస్తారంట" అంది. ఎన్ని చెట్లకని అడిగాను. రేపు చూసి చెప్తానంది.

రైల్లో సైకిళ్ళకి చోటు ముందే తీసుకున్నాం. సంచులు విప్పి, ముందు చక్రాన్ని పైనున్న కొక్కేనికి తగిలించి నిలువుగా వేలాడదీయాలి. అన్న సరిగ్గా తన సైకిల్ కిందే కూర్చున్నాడు. బెజియే దాటేదాకా వెనకాల టైరు నుంచి అతని బట్టతల మీద ఇసక రాలుతూనే ఉంది. నిద్రలో రెండుసార్లు తుడుచుకున్నాడు, లేవలేదు. విరిగిన పుల్ల చొక్కా జేబులోంచి పైకి పొడుచుకుని ఉంది.